చేతిలో పనుంది.. కాగితం లేదు!

ఇరవై ఏళ్లుగా రాయి చెక్కుతున్న మనిషికి 'నీకు పని వచ్చు' అని ఎవరు చెప్పాలి? ఎలా చెప్పాలి? ఆళ్లగడ్డ శిల్పుల దగ్గర మొదలుపెడితే, ఈ ప్రశ్న నంద్యాలలోని మెకానిక్ షెడ్డు దాకా, సౌదీ వీసా దాకా వెళ్తుంది.

నంద్యాల నుంచి కడప వైపు హైవే మీద నలభై కిలోమీటర్లు దాటితే ఆళ్లగడ్డ. అహోబిలం వెళ్లేవాళ్లకు బాగా తెలిసిన ఊరు. ఇక్కడి శిల్పుల షెడ్ల దగ్గర ఆగితే ముందు చెవికి పని తగులుతుంది. ఒకపక్క ఉలి మీద సుత్తి చప్పుడు, ఇంకోపక్క గ్రైండర్ రొద. ముందు వరసలో సగం చెక్కిన వినాయకుడు, ఇంకా కళ్లు తెరవని అమ్మవారు, తోక వరకే పూర్తయిన నంది. ఇక్కడ చెక్కిన విగ్రహాలు జిల్లా దాటి, రాష్ట్రం దాటి, విదేశాల్లోని గుళ్ల దాకా వెళ్లాయి. ఆళ్లగడ్డ శిల్పకళకు జీఐ ట్యాగ్, అంటే భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఊరికి గుర్తింపు ఉంది, సరే. మరి ఆ ఊళ్లో చెక్కే మనిషికి?

ఆ షెడ్లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న శిల్పి ఒకాయన ఏదో ఆన్‌లైన్ ఫారం నింపుతున్నాడనుకుందాం. 'విద్యార్హత' అన్న గడిలో ఏం రాస్తాడు? ఏడో తరగతి. 'టెక్నికల్ క్వాలిఫికేషన్' గడిలో? ఏమీ లేదు. ఆ ఫారం చూసిన కంప్యూటర్‌కి ఆయన నైపుణ్యం లేని కూలీ. రాతిని కొట్టి శబ్దం విని లోపల పగులుందో లేదో చెప్పగలడన్న సంగతి నింపడానికి అందులో గడే లేదు.

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని. ఫారంలో గడి లేకపోతే డేటా పోతుందని మాకు రోజూ తెలిసే విషయమే. ఇక్కడ పోతున్నది మనుషుల సగం జీవితం.

నూటికి ఐదుగురేనా?

2015లో కేంద్రం తెచ్చిన జాతీయ నైపుణ్యాభివృద్ధి విధానంలో ఓ లెక్క ఉంది. అప్పటికి మన దేశంలో పనిచేసేవాళ్లలో లాంఛనంగా శిక్షణ పొందినవాళ్లు 4.69 శాతం. అదే పేజీలో పక్కనే మిగతా దేశాలు: అమెరికా 52, బ్రిటన్ 68, జర్మనీ 75, జపాన్ 80, దక్షిణ కొరియా 96 శాతం.

ఈ అంకెను ఎక్కడ చూసినా 'మనవాళ్లకు నైపుణ్యం లేదు' అనే అర్థంలోనే వాడతారు. కానీ ఒక్క క్షణం ఆగి చదవండి. అది నైపుణ్యం ఉన్నవాళ్ల లెక్క కాదు, లాంఛనంగా నేర్చుకున్నవాళ్ల లెక్క. మిగతా తొంభై ఐదు మందిలో ఆళ్లగడ్డ శిల్పి ఉన్నాడు. బేతంచెర్లలో నాపరాయికి పాలిష్ పట్టే అన్న ఉన్నాడు. పెళ్లిలో వెయ్యిమందికి వండిపెట్టే వంటమాస్టర్ ఉన్నాడు. బ్లౌజు కొలత చూపుతోనే పట్టేసే టైలరక్క ఉంది. వీళ్లందరూ నేర్చుకున్నారు. నాన్న దగ్గరో, మేనమామ దగ్గరో, మేస్త్రీ దగ్గర తిట్లు తింటూనో నేర్చుకున్నారు. ఆ చదువుకి రిజిస్టర్ లేదు, హాల్ టికెట్ లేదు, అంతే.

ఆర్‌పీఎల్ అంటే ఇదీ

ఈ గ్యాప్ పూడ్చడానికి వచ్చిందే ఆర్‌పీఎల్. రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్. మన మాటల్లో చెప్పాలంటే 'ఇప్పటికే వచ్చిన పనికి గుర్తింపు'. ఎక్కడ నేర్చుకున్నావు, ఎన్నేళ్లు నేర్చుకున్నావు అని అడగదు. నీకు ఏం వచ్చో చూపించు అంటుంది. చూపిస్తే సర్టిఫికెట్ ఇస్తుంది.

మన దగ్గర దీనికి పునాది 2013 డిసెంబరులో వచ్చిన జాతీయ నైపుణ్య అర్హతల చట్రం. దాన్నే ఎన్‌ఎస్‌క్యూఎఫ్ అంటారు. ప్రతి పనినీ ఒక లెవెల్‌లో పెట్టి, ఆ లెవెల్‌లో ఉన్న మనిషికి ఏమేం రావాలో రాసిపెట్టే మెట్లన్నమాట. మొదట పది మెట్లు ఉండేవి, 2023లో ఎనిమిది చేశారు. 2015 జులైలో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఆర్‌పీఎల్‌ని ఒక భాగంగా పెట్టారు.

ఆ పథకం రెండో విడతలో పద్ధతి ఇలా ఉండేది. ముందు ఒక ఊళ్లోనో, పనిచేసే చోటనో జనాన్ని పోగుచేస్తారు. ఎవరికి ఏ పని వచ్చో మాట్లాడి చూస్తారు. తర్వాత 12 గంటల ఓరియెంటేషన్. అందులో ఆరు గంటలు పనికి సంబంధించినవి, నాలుగు గంటలు మాటతీరు, వ్యాపారం వగైరా, రెండు గంటలు పరీక్ష ఎలా ఉంటుందో అలవాటు చేయడానికి. ఆ తర్వాత అసెస్‌మెంట్. పాసైతే సర్టిఫికెట్, బ్యాంకు ఖాతాలో 500 రూపాయలు.

వినడానికి బాగుంది కదా? అసలు కథ ఆ నాలుగో మెట్టు దగ్గర ఉంది. అసెస్‌మెంట్.

శిల్పికి పరీక్ష ఎలా పెడతారు?

ఒక విగ్రహం పూర్తవడానికి వారాలు పడుతుంది. పెద్దదైతే నెలలు. పరీక్ష పెట్టేవాడికి ఉండేది మహా అయితే ఒక పూట. మరి ఆ పూటలో ఏం చూడాలి?

ట్యాబ్ చేతికిచ్చి, నాలుగు ఆప్షన్ల ప్రశ్నలు పెట్టడం తేలిక. 'ఉలిని ఏ లోహంతో చేస్తారు?' అని అడిగితే తెలుస్తుంది. కానీ దానివల్ల తెలిసేది ఆయనకు చదవడం వచ్చో రాదో. చెక్కడం వచ్చో రాదో కాదు. ఆయన ఫెయిలయ్యాడంటే ఆ పరీక్షే ఫెయిలైందని అర్థం.

శిల్పి పని నిజంగా ఏమిటో చూస్తే పరీక్ష దానంతట అదే కనిపిస్తుంది.

మొదటిది రాయి ఎంచుకోవడం. శిల్పశాస్త్రాల్లో రాతిని పుంశిల, స్త్రీశిల, నపుంసకశిల అని విడగొడతారు. సుత్తితో తడితే గంటలా ఖంగుమనేది ఒకటి, తాళంలా మోగేది ఇంకొకటి, శబ్దమే పలకనిది మరొకటి. దేవుడి విగ్రహానికి ఒకటి, అమ్మవారికి ఒకటి, పునాదికీ పరుపుకీ మూడోది. పేర్లు పక్కన పెట్టినా ఇందులో గట్టి ఇంజినీరింగ్ ఉంది. లోపల పగులు ఉన్న రాయి మొద్దుగా పలుకుతుంది. మూడు నెలలు చెక్కాక ముక్కు దగ్గర పగులు బయటపడితే పెట్టిన కష్టమంతా గంగపాలు. కాబట్టి ఐదు రాళ్లు ముందు పెట్టి 'దీంట్లో విగ్రహానికి పనికిరానిది ఏది? ఎందుకు?' అని అడిగితే, పది నిమిషాల్లో ఇరవై ఏళ్ల అనుభవం బయటికొస్తుంది.

రెండోది కొలత. దీన్ని తాళమానం అంటారు. ముఖం పొడవు ఒక తాళం. తాళానికి పన్నెండు అంగుళాలు. ఈ అంగుళం మన టేపులోది కాదు, ఆ విగ్రహం ఎత్తుని బట్టి మారే భాగం. విష్ణువులాంటి పెద్ద దేవుళ్లకు ఉత్తమ దశతాళం, అంటే 124 భాగాలు. వినాయకుడికి పంచతాళం. అందుకే ఆయన పొట్టిగా, బొద్దుగా, ముద్దుగా ఉంటాడు. మూడడుగుల రాయి ఇచ్చి 'వినాయకుడికి గీతలు గీయి' అంటే చాలు. దారం, కావి పట్టుకుని ఆయన గీసే గీతల్లోనే లెక్కంతా కనిపిస్తుంది. ఇదంతా నిష్పత్తులు. స్క్రీన్ సైజు ఎంతున్నా బొమ్మ చెడకుండా మేం రాసే కోడ్ కూడా ఇదే పని చేస్తుంది.

మూడోది చేతి పని. పూర్తి విగ్రహం అక్కర్లేదు. ఒక తామర రేకు, ఒక అభయహస్తం చాలు. వేళ్ల మధ్య సందు ఎలా తీస్తున్నాడు, ఎంత వాలులో ఉలి పెడుతున్నాడు, ఎక్కడ సుత్తి బరువు తగ్గించాడు అన్నది చూడాలి. రాతి పనిలో 'అన్‌డూ' బటన్ లేదు. ఎక్కడ ఆగాలో తెలియడమే పనితనం.

నాలుగోది ఇప్పటికే చేసిన పని. షెడ్లో రకరకాల దశల్లో ఉన్న విగ్రహాలు ఉంటాయి. 'ఇది నువ్వు చేసిందేనా? ఇక్కడ భుజం ఇలా ఎందుకు వదిలేశావు?' అని అడిగితే, చేసినవాడు చెప్పే జవాబు వేరు, చూసినవాడు చెప్పే జవాబు వేరు.

ఐదోది చాలామంది వదిలేసేది. ఊపిరి. గ్రానైట్ లాంటి రాళ్ల దుమ్ములో సిలికా ఉంటుంది. ఆ సన్నటి పొడి ఏళ్ల తరబడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. దానికి నయం చేసే మందు లేదు. ఉలి కాలంలో దుమ్ము కొద్దిగానే లేచేది. గ్రైండర్ వచ్చాక షెడ్డంతా తెల్లటి పొగ. చెయ్యి తిరిగిన శిల్పి కూడా ఈ ఒక్క విషయంలో పరీక్ష తప్పొచ్చు. ముఖానికి తువ్వాలు చుట్టుకోవడం సరిపోదని, సరైన మాస్కు కావాలని, కోసేటప్పుడు నీళ్లు పట్టాలని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ 12 గంటల ఓరియెంటేషన్ నిజంగా పనికొచ్చేది ఇక్కడే. ఆయనకు చెక్కడం నేర్పడానికి కాదు, ఇంకో పాతికేళ్లు చెక్కగలిగేలా చూడటానికి.

ఎవరు పరీక్షిస్తారన్నదే ముఖ్యం

మంచి అసెస్‌మెంట్‌కి రెండే పరీక్షలు. ఒకటి, అది కొలుస్తానన్నదాన్నే కొలుస్తోందా? రెండు, ఇద్దరు వేర్వేరు అసెసర్లు చూసినా ఒకే ఫలితం వస్తుందా? ఈ రెండూ జరగాలంటే ముందు అసెసర్‌కి ఆ పని తెలిసుండాలి. ఎదుటివాడి భాష తెలిసుండాలి. ఆళ్లగడ్డలో పరీక్ష హిందీలోనో, ఇంగ్లిష్ నుంచి మక్కీకి మక్కీ దించిన తెలుగులోనో ఉంటే, 'కావి', 'మట్టం', 'నునుపు' అనే మాటలతో బతికిన మనిషి ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోతాడు.

శిక్షణ ఇచ్చేవాళ్లు, పరీక్ష పెట్టేవాళ్లు, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు ఒకే గూటి పక్షులు కాకూడదన్నది మరో సూత్రం. కోడ్ రాసినవాడే టెస్టింగ్ చేసి 'అంతా బాగుంది' అంటే మేం ఒప్పుకోం. ఇక్కడా అంతే. 2016లో కేంద్రం వేసిన శారదా ప్రసాద్ కమిటీ సెక్టార్ స్కిల్ కౌన్సిళ్ల పనితీరు మీద ఇచ్చిన నివేదికలో ఇలాంటి స్వప్రయోజనాల ఘర్షణనే గట్టిగా ఎత్తిచూపింది. ఆ తర్వాత, 2018 డిసెంబరులో, సర్టిఫికెట్లిచ్చే సంస్థలనూ, అసెస్‌మెంట్ ఏజెన్సీలనూ నియంత్రించడానికి ఎన్‌సీవీఈటీ అనే జాతీయ మండలిని ఏర్పాటు చేశారు.

టార్గెట్ల గొడవ కూడా ఉంది. 'ఈ నెల ఇంతమందికి సర్టిఫికెట్లు' అని పైనుంచి లెక్క వస్తే, కింద గ్రూప్ ఫొటో, బ్యానరు, అందరూ పాస్. అందరూ పాసయ్యే పరీక్షతో ఎవరికి నష్టం? నిజంగా పని వచ్చినవాడికే. వాడి కాగితమూ, రానివాడి కాగితమూ ఒకేలా ఉంటాయి. రెండుసార్లు మోసపోయిన కాంట్రాక్టరు మూడోసారి ఆ కాగితాన్ని చూడటం మానేస్తాడు. అప్పుడు మళ్లీ పాత పద్ధతే: 'ఎవరి దగ్గర పని నేర్చావు?'

విశ్వకర్మలో మెలిక

శిల్పులకు ఇప్పుడు దగ్గరగా కనిపించే దారి పీఎం విశ్వకర్మ. 2023 సెప్టెంబరు 17న మొదలైంది. 18 చేతివృత్తులకు వర్తిస్తుంది. వాటిలో శిల్పి, రాతి పనివాళ్లు ఉన్నారు. వడ్రంగి, కమ్మరి, కంసాలి, కుమ్మరి, దర్జీ, మంగలి, చాకలి వృత్తులూ ఉన్నాయి.

ఇందులో ఆర్‌పీఎల్ ఆలోచన కొంచెం వేరే రూపంలో ఉంది. పేరు నమోదయ్యాక మూడంచెల పరిశీలన. తర్వాత వచ్చిన పని ఎంతో చూసి, ఐదు నుంచి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ ఇస్తారు. రోజుకు 500 రూపాయల స్టైపెండ్. పనిముట్లకు 15,000 రూపాయల దాకా ఈ-వోచర్. పూచీకత్తు లేకుండా మొదట లక్ష, అది సరిగ్గా కట్టాక రెండో విడత రెండు లక్షల రుణం, 5 శాతం వడ్డీకి. సర్టిఫికెట్, గుర్తింపు కార్డు కూడా ఉంటాయి. అంటే ఇక్కడ గుర్తింపు వట్టి కాగితం కాదు, బ్యాంకు తలుపు తట్టే కాగితం. అదే దీని బలం.

మెలిక ఎక్కడంటే, కుటుంబానికి ఒక్కరికే. భార్య, భర్త, పెళ్లికాని పిల్లలు కలిస్తే ఒక కుటుంబం. శిల్పి ఇంట్లో నాన్న ముఖం చెక్కుతాడు, పెళ్లికాని కొడుకు పీఠం, నగలు చెక్కుతాడు, అమ్మ నునుపు పట్టడంలో చెయ్యేస్తుంది. పని ముగ్గురికీ వచ్చు. గుర్తింపు ఒకరికి. రుణానికి ఆ షరతు పెట్టడంలో అర్థం ఉంది, డబ్బు ఒకే ఇంటికి మూడుసార్లు వెళ్లకూడదు. కానీ 'ఈ మనిషికి ఈ పని వచ్చు' అని చెప్పడానికి ఖజానాకి ఏం ఖర్చు? రుణానికి ఇల్లు లెక్క కావచ్చు. నైపుణ్యానికి మనిషే లెక్క కావాలి. ఇంట్లో ఆడవాళ్ల పని ఎప్పుడూ 'సాయం' కిందే జమైపోవడానికి ఇదీ ఒక కారణం.

కాగితం ఎక్కడ పనికొస్తుంది?

'విగ్రహం చేయించుకునేవాడు సర్టిఫికెట్ అడుగుతాడా?' అని మీరు అడగొచ్చు. అడగడు. పాత విగ్రహం చూస్తాడు, బేరమాడతాడు. స్థానిక మార్కెట్‌లో పేరే సర్టిఫికెట్.

కానీ ఊరు దాటితే మాట మారుతుంది. టెండర్ వేయాలన్నా, సంస్థలో ఉద్యోగం అడగాలన్నా, కొడుకు ఇదే పనిలో పైచదువు చదవాలన్నా కాగితం కావాలి. తిరుపతిలో టీటీడీ నడిపే సంప్రదాయ శిల్పకళాశాల ఉంది. 1960 నుంచి నడుస్తోంది. అక్కడ పదో తరగతి తర్వాత చేరి నాలుగేళ్లు చదివినవాళ్లకు డిప్లొమా వస్తుంది. షెడ్లో పదేళ్లు చెక్కిన కుర్రాడికి ఆ పదేళ్లు ఎన్ని క్రెడిట్లు? 2023లో వచ్చిన నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ చదువుతో పాటు పని అనుభవాన్నీ క్రెడిట్లుగా లెక్కకట్టవచ్చని చెబుతోంది. ఆ మాట షెడ్డు నుంచి కాలేజీ మెట్టు దాకా నిజంగా నడిస్తే, చాలామంది కుర్రాళ్లు ఉలి వదిలేసి డెలివరీ బ్యాగు తగిలించుకోవాల్సిన అవసరం ఉండదు.

ఇక గల్ఫ్. రాయలసీమ నుంచి కువైట్, సౌదీ వెళ్లే బస్సులు, ఏజెంట్లు, ఆశలు మనకు కొత్త కాదు. సౌదీ ఇప్పుడు ప్లంబర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ లాంటి పనులకు వచ్చేవాళ్లకు ముందుగానే స్కిల్ వెరిఫికేషన్ పరీక్ష పెడుతోంది. మన దేశంలోని సెంటర్లలోనే. నంద్యాలలో పదేళ్లుగా వైరింగ్ చేస్తున్నవాడైనా ఆ పరీక్ష గట్టెక్కాల్సిందే. అక్కడ 'మా మేస్త్రీకి ఫోన్ చేయండి' అంటే కుదరదు.

బయట దేశాలు దీన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లాయి. ఫ్రాన్స్‌లో 2002లో వచ్చిన చట్టం ప్రకారం పని అనుభవాన్ని నిరూపించుకుని ఏకంగా డిగ్రీయే సంపాదించవచ్చు. అభ్యర్థి తన పని గురించి పెద్ద ఫైలు తయారుచేస్తాడు, నిపుణుల బృందం ముందు కూర్చుని దాన్ని సమర్థించుకుంటాడు. టైమ్ పడుతుంది, శ్రమ ఉంటుంది. అందుకే వచ్చిన కాగితానికి విలువ ఉంటుంది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయాక, బడి తలుపు మూసేసిన తరాలకు న్యాయం చేసే దారుల్లో ఒకటిగా ఆర్‌పీఎల్‌ని తెచ్చారు. మన దగ్గర కూడా కులవృత్తిలో పుట్టి, బడి మధ్యలో మానేసిన మనిషికి ఇది అలాంటి దారే కావాలి.

మాకు దొరికింది, వాళ్లకు ఎందుకు దొరకదు?

మా ఫీల్డ్‌లో డిగ్రీ లేకపోయినా గిట్‌హబ్‌లో మంచి కోడ్ ఉంటే ఇంటర్వ్యూ దాకా వెళ్లొచ్చు. చెన్నై జోహో డిగ్రీ అడక్కుండా ఇంటర్, డిప్లొమా చేసిన పిల్లల్ని తీసుకుని తమ సొంత స్కూల్లో నేర్పి ఉద్యోగాలిస్తోంది. 'చేసి చూపించు' అన్న సూత్రం మాకు మామూలైపోయింది. ఎందుకంటే మా పని స్క్రీన్ మీద కనిపిస్తుంది, రికార్డ్ అవుతుంది, ఎవరు ఎప్పుడు మార్చారో తేదీలతో సహా ఉంటుంది.

శిల్పి పని గుడిలోకి వెళ్లిపోతుంది. పసుపు, కుంకుమ, పట్టుబట్ట కప్పేస్తాయి. కింద చెక్కినవాడి పేరు ఉండదు. అది మన సంప్రదాయం, గౌరవించాల్సిందే. కానీ పేరు విగ్రహం మీద అక్కర్లేదు, ఫోన్లో ఉంటే చాలు. రాయి దిగిన రోజు నుంచి విగ్రహం లారీ ఎక్కే రోజు దాకా వారానికి రెండు ఫొటోలు తీస్తే, అదే ఆయన గిట్‌హబ్. అసెసర్ ముందు పెట్టడానికి అంతకంటే గట్టి సాక్ష్యం ఉండదు. ఈ పని ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఏ కుర్రాడైనా, ఏ అమ్మాయైనా ఈరోజే మొదలుపెట్టొచ్చు.

మీ ఇంట్లో పని వచ్చినవాళ్లుంటే..

• పని జరుగుతున్నప్పుడు ఫొటోలు, చిన్న వీడియోలు తీసి తేదీలవారీగా దాచండి. పూర్తయిన వస్తువు ఒక్కటే కాదు, మధ్య దశలు ముఖ్యం.

• ఆర్‌పీఎల్ క్యాంప్ అంటే సంతకం పెట్టేముందు మూడు అడగండి: ఏ జాబ్ రోల్? ఏ లెవెల్? పరీక్ష పెట్టేది ఎవరు? ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నాయనకు హెల్పర్ లెవెల్ సర్టిఫికెట్ ఇస్తామంటే ఒప్పుకోవద్దు.

• పరీక్ష తెలుగులో, చేతిపనితో ఉంటుందా అని కనుక్కోండి. చదవడం రానివాళ్లకు ప్రశ్నలు చదివి వినిపించమని అడగండి.

• పీఎం విశ్వకర్మకు కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్‌తో నమోదు చేస్తారు. ఇంట్లో ఒక్కరికే కాబట్టి, రుణం ఎవరి పేరు మీద ఉంటే మేలో ముందే కూర్చుని మాట్లాడుకోండి. వెళ్లేముందు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో తెలుసుకోండి.

• చేతివృత్తులవాళ్లకు కేంద్ర హస్తకళల విభాగం ఇచ్చే 'పహచాన్' కార్డు వేరు. అది కూడా తీసుకోండి.

• సర్టిఫికెట్ రాగానే పేరు, ఆధార్ అక్షరాలు సరిపోలాయో చూసి, ఫోన్లో ఒక కాపీ పెట్టుకోండి. ఒక్క అక్షరం తేడా వచ్చినా తర్వాత బ్యాంకులో తిప్పలే.

ఐటీఐలో చదివినవాడూ, అనుభవంతో నేర్చినవాడూ ఒకే బెంచీ మీద ఒకే పరీక్షకి కూర్చుని, ఇద్దరికీ ఒకే విలువున్న కాగితం వచ్చిన రోజు ఆర్‌పీఎల్ గెలిచినట్టు. దానికి కొత్త పథకం అక్కర్లేదు. రాయి తెలిసిన అసెసర్, తొందరలేని పూట, తప్పితే తప్పావని చెప్పే ధైర్యం ఉంటే చాలు. ఇవి మూడూ ఉన్న పరీక్ష ఆళ్లగడ్డలో పెడితే, అక్కడి షెడ్లలో పాసయ్యేవాళ్లకు కొదవేమీ ఉండదు.